మొద్దు చప్పుడు

“ఇంకోసారి కొట్టి చూడండి సార్,” అన్నాడు మేనేజరు.

ఇన్‌స్పెక్టరు విమానం రెక్క మీద నాణెంతో కొట్టాడు. బొత్తిగా మొద్దు చప్పుడు. జానెడు పక్కకు జరిగి కొట్టాడు. అదే చప్పుడు.

“పోయింది. లోపల నలిగిపోయింది,” అన్నాడు.

“పైన చిన్న గీతైనా లేదు కదండీ!”

“పైన ఉండదు. దీని మాయే అది.”

ముప్పై ఏళ్లుగా ఆయన ఈ మాట చెబుతూనే ఉన్నాడు. అల్యూమినియం రేకైతే దెబ్బ తగిలిన చోట సొట్ట పడి, ఉన్న సంగతి ఒప్పేసుకుంటుంది. ఈ రెక్క అలా కాదు. కిందా పైనా పల్చటి కార్బన్ పొరలు, మధ్యలో తేనెపట్టులాంటి గదులు. ఏదైనా పడితే పైపొర కాస్త వంగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచి నిలబడుతుంది. లోపలి గదులు మాత్రం చితికిపోతాయి. ఎగిరినప్పుడల్లా ఆ చితుకుడు కొంచెం కొంచెంగా పాకుతుంది. అందుకే కొట్టి వినాలి. బాగున్నది ఖంగుమంటుంది, చెడినది మొద్దుగా పలుకుతుంది. ఆయన చెవికి తిరుగులేదని షెడ్డంతా ఒప్పుకుంటుంది. వెనకాల ‘నాణెంగారు’ అని నవ్వుకుంటుంది కూడా.

ఉదయం పైన నిచ్చెన మీద పనిచేస్తున్న ఫిట్టరు చేతిలోంచి స్పానరు జారింది. ఇన్‌స్పెక్టరు కిందే ఉన్నాడు, వంగి ఏదో రాసుకుంటున్నాడు. పడటం ఆయన చూడలేదు. చూసేసరికి స్పానరు రెక్క మీద ఉంది, ఫిట్టరు ఎదురుగా నిలబడి వణుకుతున్నాడు.

“నీకేం కాలేదు కదా?” అన్నాడు ఫిట్టరు.

“నాకేమవుతుందిరా? అయ్యేది నీ ఉద్యోగానికి,” అని ఆయన టోపీ సర్దుకుని నాణెం తీశాడు.

వాడు పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. స్వయానా భార్య తమ్ముడు. కిందటేడు ఒక పొరపాటు చేశాడు. ఇంకొకటి దొర్లితే ఇంటికేనని కాగితం కూడా ఇచ్చారు. ఇప్పుడు రెక్క పోయిందని రాస్తే వాడి నోటికాడి కూడు లాగేసినట్టు. రాయకపోతే మధ్యాహ్నం పన్నెండుమంది ఈ విమానం ఎక్కుతారు. ఏం చేయాలో తెలుసు, చేయడానికే చేతులు రావడం లేదు.

మేనేజరు లోపలి దెబ్బలు పట్టే మీటరు తెప్పించి రెక్కంతటి మీదా దాన్ని తిప్పించాడు. “బాగానే ఉందంటోంది సార్.”

“మీటరుకేం తెలుసు?” నాణెం ఆయన వేళ్లలోంచి జారి కింద పడింది. ఇది మూడోసారి. “ఈ ట్యూబులైట్లు మార్చమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! అంతా మసక.”

“నిన్ననే మార్పించాను కదండీ,” అని గొణుక్కుంటూ మేనేజరు ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

ఫిట్టరు దగ్గరికొచ్చాడు. “బావా, ఆ రెక్కని వదిలెయ్. నాతో రా.”

“షెడ్డులో సార్ అనాలని చెప్పానా లేదా?”

“నీకు దండం పెడతాను, వదిలెయ్.”

“వదిలేస్తే అది ఎగురుతుంది. రేపు ఏదైనా అయితే నేనెవరికి మొహం చూపించాలి?”

“ఒక్క నిమిషం నేను చెప్పేది...”

“చెప్పకు. నువ్వు బతిమాలితే నేను రాయలేనురా.”

అప్పుడే భార్య ఫోను. “తమ్ముడు ఫోన్ చేశాడండీ. ఏడుపు తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏం జరిగింది?”

“వాడికి వత్తాసు పలకొద్దు.”

“అదేంటి, మాట అంత ముద్దగా వస్తోంది? భోంచేస్తున్నారా?”

ఆయన ఫోను పెట్టేశాడు. గొంతు పూడుకుపోతున్నట్టుంది. దుఃఖం అనుకున్నాడు.

రిజిస్టరు తెరిచి ‘పోయింది’ అని రాశాడు. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి. రెక్క నంబరు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఒక్క చిన్న ఆశ మాత్రం మిగిలింది. రెండో రెక్క కూడా కొట్టి, తేడా విని, అప్పుడు సంతకం పెడదామనుకున్నాడు. దాని దరిదాపులకు స్పానరు వెళ్లలేదు. నడుస్తుంటే నేల ఒక పక్కకు ఒరిగినట్టుంది.

కొట్టాడు. మొద్దు చప్పుడు.

గోడవారన సంచి విప్పని కొత్త రెక్క పలక ఉంది, నిన్ననే వచ్చింది. సంచి చించి దాన్నీ కొట్టాడు. మొద్దు చప్పుడు. ఆయనకు భయం వేసింది. ముప్పై ఏళ్లలో ఇలా ఎన్నడూ లేదు.

“ఇవన్నీ పోయాయిరా! వీటి మీద ఏం పడేశావు?”

“వాటి మీద ఏం పడలేదు. అన్నీ బాగున్నాయి, ఖంగుమంటున్నాయి,” అన్నాడు ఫిట్టరు. వాడి చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి.

“మరి పోయిందేదిరా?”

ఆయన మోకాళ్లు వంగిపోతుంటే ఫిట్టరు నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకున్నాడు.

“స్పానరు ముందు నీ తలమీద పడింది బావా.”