కప్పు మర్యాద

సోమయాజులు అన్నది "బోన్". జయమ్మకు వినబడింది "బోనం".

"ఆషాఢం ఇంకా రానేలేదు గద సారూ, గిప్పుడే బోనమేంది?" అంది ఇంటావిడ.

సోమయాజులు బందరు మనిషి. రాజధాని వెంట కర్నూలు మీదుగా హైదరాబాదు చేరిన గుమాస్తా. నాంపల్లిలో జయమ్మ ఇంటి ముందు వాటాలో ఉంటున్నాడు. ఉల్లిపాయ కూడా గడప దాటని ఆ ఇంట్లో గోత్రం చెబితేగాని వాటా దొరకలేదు. ఆ ఉదయం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఇంగ్లీషు పళ్ళేన్ని వెలుతురుకెత్తి చూపించాడు.

"బోనం కాదండీ జయమ్మగారూ, బోన్ చైనా. బోన్ అంటే ఎముక. పశువుల ఎముకలు కాల్చి, బూడిద చేసి, మట్టిలో కలుపుతారు. ఇందులో సగం ఎముకేనండి. నా గదినిండా ఇలాంటివే."

"బొక్కలన్నట్టు," అని జయమ్మ మరో మాట అడగకుండా లోపలికి వెళ్ళింది. తన పాండిత్యం ముందు జనం మూగబోవడం సోమయాజులుకు అలవాటే.

ఆయన తాతలు సోమయాగం చేశారు. ఈయన సామానుయాగం చేస్తున్నాడు. ఎవరింట్లో అడుగు పెట్టినా ముందు కప్పు అడుగు చూస్తాడు. అక్కడ కంపెనీ ముద్ర ఉంటే ఆ ఇంటివాళ్ళు మనుషులు, లేకపోతే మట్టి. ఓసారి ఆఫీసరుగారింట్లో టీ తాగకుండానే కప్పు తిరగేశాడు. కప్పు మీద ముద్ర ఈయనకు దక్కింది. పంచె మీద ముద్ర ఆఫీసరుగారికి దక్కింది.

మర్నాడు సాయంత్రం ఎప్పటిలాగే వరండాలోకి టీ వచ్చింది. కానీ ఎప్పటి ఇత్తడి గ్లాసులో కాదు. బంగారు అంచు, నీలం పూలు ఉన్న పింగాణీ కప్పులో. సోమయాజులు గడగడా తాగేసి తిరగేశాడు. అడుగున కిరీటం. దాని కింద ఇంగ్లండు కంపెనీ పేరు. కప్పు దించకుండానే ఇది ఎక్కడిదని అడిగాడు.

"మా మామ జమానాల జాగీర్దార్లు, ఇంగ్రేజు దొరలు వచ్చెటోళ్ళు," అంది జయమ్మ. "వాళ్ళకు దీంట్లనే పోసెటోళ్ళు. ఇగ మీకు గూడ దీంట్లనే."

టీ అయితే గొంతు దిగింది గానీ ఆ మాట తలకెక్కి దిగలేదు.

ఆనాటి నుంచి ఇంటి యజమాని శ్రీపతికి ఇత్తడి గ్లాసు. వచ్చిపోయే చుట్టాలకు ఇత్తడి గ్లాసు. సోమయాజులుకు జాగీర్దారు కప్పు. దాన్ని వంటింటి గిన్నెల్లో కలపరు. వరండా గూట్లో విడిగా, మ్యూజియంలో లాగా పెడతారు. తాగాక ఆయనే కడిగి అక్కడ ఉంచాలి. అంత విలువైనదాన్ని పనిమనిషి చేతికి ఎవరిస్తారు?

అద్దె కట్టేది నెత్తిమీది కప్పుకి. ఆశ పడేది చేతిలోని కప్పుకి.

అప్పుడే అధ్యక్ష పదవి ఖాళీ అయింది. ఆబిడ్స్ ఇరానీ హోటల్లో ఆదివారాలు కూచునే పింగాణీ ప్రియుల సంఘానికి. పాత అధ్యక్షుడు కాచిగూడకు మారి గడియారాలవాళ్ళలో కలిశాడు. ఆయనకు కాలం కలిసొచ్చిందన్నారు. ఇక వంశచరిత్ర ఉన్న వస్తువు ఎవరి సొంతమో వాళ్ళే అధ్యక్షులని తీర్మానమైంది. తోటి సభ్యుడు, పోటీదారు లక్ష్మణరావు దగ్గర నిజాం రైల్వే ముద్ర ఉన్న సాసరుంది. సోమయాజులు దగ్గర చరిత్ర ఉంది, కప్పు మాత్రం జయమ్మ దగ్గరుంది. సర్వీసంతా "ఏమయ్యా గుమాస్తా" అనిపించుకున్న మనిషి. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా "అధ్యక్షులవారూ" అనిపించుకోవాలని ఆయన కోరిక.

కప్పుకు బదులు వెండి గ్లాసు ఇస్తానన్నాడు. జయమ్మ ఒప్పుకోలేదు.

"అది లేకుంటె మీకే తక్లీఫయితది సారూ," అంది.

ఎంత అభిమానమో అని సోమయాజులు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఉపాయం ఆలోచించాడు. నలుగురి ముందు అడిగితే ఏ ఇల్లాలూ కాదనలేదు. ఆదివారం సంఘాన్నంతా వెంటబెట్టుకొచ్చి వరండాలో కూచోబెట్టాడు. జయమ్మ అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

సంఘంలో పరీక్షకుడు శ్యామ్‌సుందర్. ఆబిడ్స్‌లో గాజుసామాన్ల దుకాణం ఉన్నవాడు. కప్పును గోటితో మీటాడు. గుడిగంటలా మోగింది. ఎండకెత్తాడు. అవతలి వేళ్ళ నీడ ఇవతలికి కనబడింది. అది నకిలీ కావాలని లక్ష్మణరావు మొక్కుకున్నాడు.

"అసలు మాల్. జర గూడ శక్ లేదు," అన్నాడు శ్యామ్‌సుందర్.

లక్ష్మణరావు ముఖం తన సాసరంత చదునైంది.

సోమయాజులు లేచి ఉపన్యాసం అందుకున్నాడు. జాగీర్దార్ల తర్వాత ఈ కప్పులో తాగే గౌరవం తనకే దక్కిందనీ, ఇంటాయనకు కూడా ఆ యోగం లేదనీ చెప్పాడు. చప్పట్లు మోగాయి. "అధ్యక్షులవారూ" అని ఎవరో అననే అన్నారు. అంతలో జయమ్మ ఇత్తడి గ్లాసుల్లో టీ పోసుకుని, పళ్ళెంతో గడపలోకి వచ్చింది.

"జయమ్మగారూ, ఇంతమంది పెద్దల ముందు అడుగుతున్నాను. ఈ కప్పు నాకు ఇప్పించండి."

జయమ్మ గడపలోనే ఆగింది. కప్పు పట్టుకున్న శ్యామ్‌సుందర్‌నూ, ఒళ్ళో సాసరు పెట్టుకున్న లక్ష్మణరావునూ, మిగతా వాళ్ళనూ ఒక్కొక్కరినే చూసింది.

"వీళ్ళందరు గూడ మీ లెక్కనే బొక్కల గిన్నెలు పట్టెటోళ్ళేనా సారూ?"

"అందరూనండీ," అన్నాడు సోమయాజులు ఛాతీ విరుచుకుని. "సంఘం సంఘమంతా."

జయమ్మ గ్లాసుల పళ్ళెంతో వెనక్కి తిరిగింది. గ్లాసులు లోపల పెట్టి, వాటిలోని టీ అంతా ఒక గిన్నెలో వంపుకుని మళ్ళీ వచ్చింది.

"అట్లయితె జర ఆగున్రి, బొక్కలు ముట్టెటోళ్ళకని మేం విడిగ పెట్టిన కప్పు గదొక్కటే ఉన్నది, ఒకలెన్క ఒకలు తాగి, ఎవలెంగిలి వాళ్ళు కడిగి గూట్లె పెట్టున్రి."