పుట్టిసామి పేరు

దేవుడు పడవ నడుపుతాడా? నడిపితే ఆయన మోచేతికి రక్తం కారుతుందా?

పదహారేళ్లుగా ప్రమీలారాణిని వదలని ప్రశ్న ఇది.

2009 అక్టోబర్ రెండున తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలు వీధుల్లోకి వచ్చాయి. ఆమె, అత్త మద్దమ్మ ఇంటి కప్పు మీదికెక్కి కూర్చున్నారు. కాళ్లకు నీళ్లు తగులుతున్నాయి. అప్పుడు వచ్చాడు ఒక మనిషి. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన జాలర్ల పుట్టిని, బుట్టలాంటి ఆ గుండ్రటి పడవను, చెక్కముక్కతో తోసుకుంటూ వచ్చాడు. రేకు కోసుకుని మోచెయ్యి చీరుకుపోయింది. "కింద చూడొద్దమ్మా, నన్ను చూడు" అంటూ ఎక్కించుకున్నాడు. ఆ వీధిలో తొమ్మిదిమందిని ఎత్తయిన మిద్దె మీదికి చేర్చాడు. ఎవరు నాయనా నువ్వు అంటే పేరు చెప్పాడు. మళ్లీ నీళ్లలోకి వెళ్లాడు. ఇక ఆ వీధికి రాలేదు.

మరుసటేడు నుంచి మద్దమ్మ ఆ రోజున పుట్టిసామి పూజ మొదలుపెట్టింది. వెదురుబుట్టలో పసుపుముద్ద నిలిపి, దీపం వెలిగించి, టెంకాయ కొడుతుంది. బొరుగులు, బెల్లం ప్రసాదం. వీధంతా వస్తుంది.

ఈ ఉదయం కూడా పూజ అయింది. ప్రమీలారాణి మనసారా కళ్లు మూసుకుని మొక్కింది. దేవుడి మీద ఆమెకు అనుమానం లేదు. కానీ దేవుడు పంపినవాడికి కూడా ఒక పేరుంటుంది కదా.

లేచి చెప్పులేసుకుంది.

"యాడికే, పెసాదం పంచకుండా?" అంది మద్దమ్మ.

"లైబ్రరీకి పోతాండా అత్తా. ఆయప్ప పేరు బోర్డు మీద రాయిస్తా."

"సామికి పేరేందే?"

"చెప్పినాడు కదా. నువ్వూ విన్నావు."

"మనిషయింటే మళ్లా వచ్చి కనపడడా?"

"వచ్చింటే ఏం చేసేదానివి? దేవుడంటే టెంకాయ కొట్టి చేతులు కడుక్కోవచ్చు. మనిషంటే ఇంట్లోకి పిల్చి, పీటేసి అన్నం పెట్టాల. అందుకే కదా దేవుణ్ణి చేసింది?"

మద్దమ్మ హారతి పళ్లెం దించి, ప్రసాదం తనే పంచడం మొదలుపెట్టింది.

ఈ రోజు సెలవే. అయినా గాంధీ పటానికి దండ వేయడానికి పాత ఊళ్లోని చిన్న లైబ్రరీ తెరిచారు. గుమ్మం పక్కన నల్లబోర్డు. పైన 'చరిత్రలో ఈ రోజు' అని రంగుతో రాసి ఉంటుంది. కింద లైబ్రేరియన్ రోజూ ఒక లావుపాటి పుస్తకం చూసి సుద్దతో రాస్తాడు. అందులో లేని ఒక్క అక్షరం కలపడు. ఈ నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నాడు. వచ్చే అక్టోబర్ రెండుకు ఆ బోర్డు ఉంటుందో ఉండదో. ఈ రోజు రాయిస్తే రాయించినట్టు, లేకుంటే లేదు.

గాంధీజీ పుట్టుక, శాస్త్రిగారి పుట్టుక రాసి, లైబ్రేరియన్ స్టూలు దిగుతున్నాడు. రోజూ పేపరు చదవడానికి వచ్చే ముసలాయన నరసన్న స్టూలు పట్టుకున్నాడు.

"సారూ, ఇంకొకటి రాయాల. ఏటి నీళ్లు ఊళ్లోకొచ్చింది ఈ రోజే" అంది ప్రమీలారాణి.

"పుస్తకంలో లేదమ్మా" అన్నాడు లైబ్రేరియన్.

"నిన్న మన ఊరు రాజధాని అయిందని రాస్తిరే. ఆ రాజధాని మూడేళ్లకే పాయ. నీళ్ల మరక చూడండి, మా గోడమీద ఇంకా ఉండాది. ఏది చరిత్ర?"

నరసన్న పకపకా నవ్వాడు. "బాగుండాదమ్మా! రేపు మా కోడి గుడ్డు పెట్టిందని గూడా రాయమంటావా?"

"ఆ గుడ్డు తొమ్మిది పాణాలు కాపాడితే రాపిద్దాంలే నరసన్న మామా. ఒక మనిషి కాపాడినాడు. ఆయప్ప పేరు రాయాల."

"ఈ సారు స్టూలెక్కాలంటేనే నేను పట్టుకోవాల. ఏట్లో దూకినోళ్ల సంగతి ఈయనకు చెప్తాండావా?"

లైబ్రేరియన్ కూడా నవ్వాడు. తర్వాత పుస్తకం మూసి, నెమ్మదిగా అన్నాడు.

"వద్దులేమ్మా. ఆ రోజు చెయ్యి జారి పోయినోళ్లు కూడా ఉండారు. వాళ్ల పేర్లు యాడ రాస్తావు?"

"వాళ్లవీ రాద్దాం. ముందు ఒక పేరుతో మొదలుపెట్టనీండి."

"ఆ మనిషికే ఇష్టం లేకుంటే?"

"లేదు సారూ. నాకు తెలుసు. తర్వాత నేను గొంతు గుర్తుపట్టి రెండు తూర్లు అడిగినా. రెండు తూర్లూ 'నేను కాదు' అనె. దాచుకునేది ఆయప్ప ఇష్టం. చెప్పుకునేది నా ఇష్టం."

"బోర్డు సర్కారుది. ఇష్టమొచ్చింది రాసేకి లేదు."

"అయితే కంప్లైంటు రాయండి. సంతకం పెడతా."

ఆమె బల్ల మీది సుద్దముక్క తీసుకుంది. స్టూలు అక్కర్లేదు. శాస్త్రిగారి కింద చోటుంది. పెద్ద పెద్ద అక్షరాలతో, వంకర వరసలో రాసింది.

'2009 - కర్నూల్లోకి ఏరు వచ్చింది. పుట్టిలో తొమ్మిదిమందిని కాపాడిన మనిషి: దావూద్.'

చదివిన నరసన్న చప్పున లైబ్రేరియన్ వైపు తిరిగాడు.

తుడవడానికి డస్టరెత్తిన లైబ్రేరియన్ చెయ్యి తన సొంత పేరు ముందు ఆడక ఆగిపోయింది; ప్రమీలారాణి ఆయనకు ఎదురుగా నిలబడి, పదహారేళ్లుగా బాకీపడ్డ నమస్కారం రెండు చేతులా పెట్టింది.