అమ్మ ఇచ్చిన పర్మిషన్

“భయ్యా, పిల్లలు ఫోన్లో గేములాడాలంటే తల్లి పర్మిషన్ కావాలని సర్కారు రూలంట గదా. మా లహరికి నాను ఇవ్వను. బంద్ చేసెయ్.”

గురువమ్మ చేపల గంపను గరాచర్మలోని నా మొబైల్ షాపు మెట్టు మీద దించింది.

ఆమె ఫోను చూశాను. “ఎప్పుడో ఇచ్చేశావు దీదీ. నీ ఫోనుకొచ్చిన పర్మిషన్ మెసేజీకి ఓకే కొట్టి ఉంది.”

“నాకు అక్షరం రాదు. ఎలాగిచ్చాను?”

“నీ మెసేజీలెవరు చదువుతారు?”

“ఇదే, మా లహరి.”

పక్కనున్న కూతురు తల దించుకుంది. అమ్మేదీ కొనేదీ ఒకరే అయితే అది బేరం కాదు.

అంతలో లహరి ఫోను మోగింది. చటుక్కున స్క్రీను మీద అరచెయ్యి పెట్టింది.

“ఏటే అది?”

“రీఛార్జి మెసేజమ్మా.”

“రీఛార్జి నిన్ననే నేను చేశాను,” అన్నాను.

ఫోను మళ్ళీ మోగింది.

“రోజూ నా మెసేజీలు చదివి పెడతావు గదా. ఇదీ చదువు,” అంది గురువమ్మ.

లహరి నావైపు చూసింది. ఫోను లాక్కుని నేనే చదివితే ఈ ఒక్క మెసేజే బయటపడుతుంది. రేపటిది మళ్ళీ దాస్తుంది. నువ్వే చదువన్నట్టు తలూపాను.

“గేములో కలిసిన అన్నయ్య పంపాడు. మొహం చూళ్ళేదు. ‘ఆదివారం జెట్టీ దగ్గరికి ఒక్కదానివే రా’ అంటన్నాడు.”

“ఇంకా?”

లహరి తల్లి కొంగు పట్టుకుంది.

“‘అమ్మకి చెప్పకు’ అని ఉందమ్మా.”