కావలి పరీక్ష

"కార్డేది?" గేటుకు అడ్డంగా నిలబడ్డాడు మొండయ్య.

"ఇంట్ల మర్చిపోయిన. నేనెవరో నీకు తెల్వదా?" సృజన గొంతు చిరచిరలాడింది.

"తెల్సు బిడ్డా. చిన్నప్పటిసంది ఏదో ఒకటి మరుస్తవు. కార్డు లేంది ఇడువ. సెక్యూరిటీ ఆఫీసర్ ఫక్రుద్దీన్ సాబ్ వచ్చి పాస్ మీద సంతకం పెట్టాలె. జర కూసో."

సౌదీ దమ్మామ్‌లోని ఆ కంపెనీలో సృజన ప్రొబేషన్ ఇవాళ్టితో సరి. తోటి ఇంజనీరు ఆనందకుమార్ రాసిన టెస్టు మీద పదకొండింటికల్లా రివ్యూ ఇవ్వకపోతే, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని కరీంనగర్ దారి పట్టడమే. కంప్యూటర్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ కొంత మెమరీకి తాళం వేస్తుంది. ఆ తాళాన్ని పరీక్షించే ఈ టెస్టు అందులో ఒక అక్షరం రాయబోతే కెర్నెల్ ఆపాలి. నాలుగు రోజులుగా ఆపడం లేదు. కెర్నెలే చెడిందని అందరూ తలలు పట్టుకున్నారు. ఇలాంటి రోజున ఈ ముసలాయన పంతం ఒకటి!

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది వచ్చి, అప్పటినుంచీ గేట్లు కాస్తున్న మనిషి. కాబిన్‌లో కుర్చీ తుడిచి వేశాడు. ఆమె ఉడుక్కుంటూనే లాప్‌టాప్ తెరిచింది.

"రోజూ చూసే మనిషిని ఆపితే నీకేమొస్తది?"

"మొన్న కొత్త మేనేజర్ కావలి ఎట్లున్నదో చూద్దామని కఫీల్ కార్ల కూసోని వచ్చిండు. నా తోటి కావలి బాషా సలాం కొట్టి గేటెత్తిండు. కావలి పనికిరాదన్నడు మేనేజర్. యజమాని కారొస్తే ఎవడాపుతడు? పరాయోని లెక్క వచ్చి చూడాలె గాని! అప్పటిసంది నేను అందర్నీ ఆపుతున్న."

సృజన వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. టెస్టుకు ఎవరి హక్కులిచ్చారో గబగబా వెతికింది. కెర్నెల్ హక్కులే! సొంతవాళ్ళొచ్చారనుకుని అది దారి వదులుతోంది. వెంటనే ఫోన్ చేసింది.

"ఆనందకుమార్ గారూ, టెస్టుకు ఆ హక్కులు తీసేసి, మామూలు ప్రోగ్రాములా నడపండి."

రెండు నిమిషాలకు అవతల నుంచి కేక. "ఆపిందండీ! తప్పు నా టెస్టుదే. రివ్యూలో అదే రాసెయ్యండి. మీ ఉద్యోగానికి ఇంక ఢోకా లేదు!"

సృజన కళ్ళు చెమర్చాయి. పొద్దుటి కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. ఫక్రుద్దీన్ రాగానే మొండయ్య పాస్ కాగితం ముందేసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఆమె పేరు ఒక్కో అక్షరమే పేర్చాడు.

'తండ్రి పేరు' అన్న గడిలో, ఎవర్నీ అడిగే పని లేక, తన పేరే రాశాడు.