ఒడ్డున కోడి

బాతులు సరిగ్గా పొదగవని వాటి గుడ్లు కోడి కింద పెట్టడం ఆ ఊళ్లో మామూలే. ఈసారి ఎస్తేరు కూడా అలాగే పెట్టింది.

పిల్లలు కాస్త నడక నేర్వగానే పెరటి వెనకున్న కాలువలోకి దిగిపోయాయి. కోడి రేవు మెట్ల మీద పైకీ కిందికీ పరుగెడుతూ ఒకటే అరుపు.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి కేకేశారు.

“దాని ఏడుపు వినలేకపోతున్నానమ్మా. ఆ పిల్లల్ని పట్టుకొచ్చి గంప కింద మూసెయ్యకూడదూ?”

“ఉండండి పిన్నిగారూ, వాటంతటవే వస్తాయండి,” అంటూ ఎస్తేరు కోడి పక్కనే మెట్టు మీద కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వస్తున్నా లేవలేదు.

పొద్దు వాలాక పిల్లలు ఒక్కొక్కటే ఒడ్డెక్కి, తడి ఒళ్లతోనే కోడి రెక్కల కిందికి దూరాయి. కోడి అరుపు ఆగింది.

“హమ్మయ్య, తల్లి ప్రాణం కుదుటపడింది,” అని నవ్వబోయిన పిన్నిగారు ఎస్తేరు మొహం చూసి ఆగిపోయారు.

“ఏమైందమ్మా?”

“పోయినేడు మా ఏంజెల్ పాప మునిగిపోయింది ఈ రేవులోనే కదండీ. నీళ్లలోకి దిగిన పిల్లలు మళ్లీ ఒడ్డెక్కి రావడం ఒక్కసారి చూడాలనిపించిందండి. అందుకే బాతుగుడ్లు పెట్టేను.”