దొంగ కనెక్షన్

ఈ ఇంజనీరమ్మ ఇవాళ ఎక్కడో ఒకచోట తప్పులో కాలేయాలి. కొత్తగా బదిలీ మీద వచ్చిన నీటి సరఫరా ఆఫీసరు ఆ ఉదయం ఈ ఒక్క కోరికతోనే జీపెక్కాడు.

ఆవిడ గురించి ఆఫీసులో కథలు కథలుగా విన్నాడు. పైపుల ఫ్యాక్టరీలో హాయైన ఉద్యోగం మానేసి, భూమి లోపల నీళ్లు పారినా, కారినా ఆ చప్పుడు వినిపించే యంత్రం ఒకటి తయారు చేసిందట. దాన్ని చంకలో పెట్టుకుని ఊళ్లు పట్టుకు తిరిగిందట. మొదట్లో “రోడ్డుకేమైనా గుండెజబ్బా, డాక్టరమ్మా?” అని నవ్వినవాళ్లే, తర్వాత కుళాయిల్లో నీళ్లు చూసి నోళ్లు మూసుకున్నారట. పెట్టిన కంపెనీ పెరిగి పెద్దదై, చివరికి సొంత ఊరి పనికే వచ్చింది.

ఇక్కడ ముందు ఒక్క పేట అప్పగించారు. అందులో దొంగ కనెక్షన్లన్నీ, ఎవరివైనా సరే, మొహమాటం లేకుండా పీకితే ఊరంతా ఆవిడ కంపెనీకే. ఒక్కటి చూసీ చూడనట్టు వదిలేసినా, పాత కాంట్రాక్టరు సిద్ధంగా ఉన్నాడు. ఆయన పెద్ద ఆఫీసరుగారి తోడల్లుడు. ఆ వదిలేసే ఒక్కదాన్నీ కళ్లారా చూసి రమ్మనే మన ఆఫీసరును పంపారు.

మధ్యాహ్నం దాకా ఆవిడ దేన్నీ వదల్లేదు. లాండ్రీవాడిది పీకింది. డాక్టరుది పీకింది. వార్డు మెంబరుది పీకి, చేతికి రసీదు కూడా ఇచ్చింది. ఆఫీసరు తన ఆశలకు నీళ్లొదులుకుంటున్న వేళకి వీధి చివర నీలం గేటు వచ్చింది.

చెవులకు యంత్రం తగిలించుకుని ఆవిడ రోడ్డు మీద మోకాళ్లూనింది. విన్నది. తీసి తుడిచి, మళ్లీ విన్నది.

“ఏం మేడమ్, అనుమానమా?”

“యంత్రం మీద అనుమానపడ్డాను సార్. దాని తప్పేం లేదు.”

గోడ వారన తవ్విస్తే పైపు బయటపడింది. మీటరుకు ముందే చీలి, మీటరు మొహం చూడకుండా నేరుగా మేడ మీది ట్యాంకుకు పోతోంది. “కొయ్యి,” అంది ఆవిడ.

ఫిట్టరు నీళ్లు నమిలాడు. “మేడమ్, ఇదొక్కటీ నావల్ల కాదండి.”

ఆఫీసరుకు ప్రాణం లేచొచ్చింది. “ఎవరిల్లయ్యా ఇది? మేయరు చుట్టాలా?” అని ఫిట్టరు చెవిలో అడిగాడు.

“మేయరు ఎంతండీ,” అన్నాడు ఫిట్టరు ఆకాశంలోకి చూస్తూ.

గేటు తెరుచుకుంది. సబ్బు నురగ చేతులతో ఒక పెద్దావిడ వచ్చి గుంట ముందు నిలబడింది. చుట్టుపక్కల బాల్కనీలన్నీ నిండిపోయాయి. జనం ముసిముసిగా నవ్వుకుంటున్నారు. తన టోపీని చూసే నవ్వుతున్నారనుకుని ఆఫీసరు దాన్ని తీసి చంకలో పెట్టుకున్నాడు.

“పక్కకు జరగండమ్మా,” అంది ఇంజనీరు.

“జరగను. ఇన్నేళ్లూ తియ్యగా తాగిన నీళ్లు ఇవాళ చేదయ్యాయా?”

“దొంగ నీళ్లమ్మా అవి.”

“కళ్లు నెత్తికెక్కితే అన్నీ దొంగవే. నీలాంటి కూతుర్ని కన్న తల్లి ఎవరో గానీ, పాపం, తలుచుకుంటే జాలేస్తోంది.”

“ఆవిడా రోజూ ఇదే మాటంటుందమ్మా.”

బాల్కనీలు గొల్లుమన్నాయి. పెద్దావిడ నవ్వలేదు. గొంతు తగ్గించింది.

“మా ఆయన తన చేతుల్తో బిగించిన పైపు అది. ఆయనే పోయాడు. ఇదొక్కటీ ఉండనియ్యి.”

ఇంజనీరు పైపు మీద చెయ్యి వేసి, వంచిన తల ఎత్తకుండా అలాగే ఉండిపోయింది. ఇక కరిగినట్టే అనుకుని ఆఫీసరు పెద్ద ఆఫీసరుగారికి చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకోసాగాడు.

“బిగింపు బ్రహ్మాండంగా ఉందమ్మా,” అంది ఆవిడ చివరికి. “ఇన్నేళ్లలో చుక్క కారలేదు. మీటరుకు ముందు పెట్టడమొక్కటే తప్పు.”

ఫిట్టరు చేతిలోంచి రంపం లాక్కుని తనే కోసింది. నీళ్లు ఎగజిమ్మి ఆఫీసరు ప్యాంటు మోకాళ్ల దాకా తడిపాయి. మూత బిగించి, జరిమానా రసీదు రాసి పెద్దావిడ చేతిలో పెట్టింది. పెద్దావిడ దాన్ని అక్కడే చించేసి, గేటు ధడాలున వేసి లోపలికి వెళ్లిపోయింది. ఇంజనీరు మళ్లీ ఇంకోటి రాసి గేటు సందులో దోపింది.

ఆఫీసరు నీరుగారిపోయాడు. అయినా మనిషి కదా, ఉండబట్టలేక పైకే అన్నాడు.

“మీరు అసాధ్యులు మేడమ్. పెద్దవాళ్ల ఇల్లని తెలిసీ వదల్లేదు. ఇక ఊరంతా మీదే. రండి, మీ ఇంటి దగ్గర దింపుతాను.”

“అక్కర్లేదు సార్, వచ్చేసింది,” అంటూ ఆవిడ ఇందాకటి గుంట దాటి, అదే నీలం గేటు తీసుకుని, గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి కేకేసింది: “అమ్మా, తిట్లు తర్వాత తిడుదువుగానీ, నాన్న పైపు కోసి చేతులు లాగేస్తున్నాయి, ముందు అన్నం పెట్టు.”