రాయని తిండి

“మూణ్ణెల్లుగా ప్రతి ముద్దా లెక్కేసి రాస్తున్నానండీ. అయినా రెండు కిలోలు పెరిగాను. నీళ్లు తాగినా ఒళ్లొచ్చే జాతకం నాది,” అంటూ తల్లి నోటుబుక్కు బల్ల మీద పెట్టింది.

పక్క కుర్చీలో పదిహేడేళ్ల కూతురు వదులు స్వెట్టర్‌లో ముడుచుకుని ఫోను చూసుకుంటోంది.

డైటీషియన్ పేజీలు తిప్పింది. “రోజుకి పన్నెండు వందల కేలరీలు. దీనికి పెరగరండీ. ఏదో రాయడం లేదు మీరు.”

“టీలో అరచెంచా చక్కెర కూడా రాశాను!”

“ఇంట్లో మిగిలినవి ఎవరు తింటారు?”

“నేనే. ఇది సగంలో లేచిపోతుంది. పారేయడానికి చేతులు రావు. కానీ అది దీని తిండి కదా, నా లెక్కలో ఎలా రాస్తాను?”

“నిన్న ఏం మిగిల్చింది?”

తల్లి వేళ్లు మడిచింది. పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలు, గుడ్డు. డబ్బాలో పెట్టిన అన్నం, కూర. రాత్రి పళ్లెంలో ముప్పాతిక.

డైటీషియన్ కూడింది. “తొమ్మిది వందలు.”

“హమ్మయ్య! దొంగ దొరికాడు,” తల్లి నవ్వింది.

డైటీషియన్ నవ్వలేదు. కూతురి వైపు తిరిగింది. “మరి నిన్న నువ్వేం తిన్నావమ్మా?”

“ఒక యాపిల్, రాత్రి పావు పళ్లెం. నూట ఎనభై కేలరీలు.” తల ఎత్తకుండా, తడుముకోకుండా చెప్పింది.

తల్లి నవ్వు ఆగింది. “ఎన్నాళ్ల నుంచే?”

“నీతోపాటే మొదలుపెట్టానమ్మా. నేను తగ్గాను.”

తల్లికి ఏడుపు రాలేదు. మూడు నెలలకి ఎన్ని పూటలవుతాయో కూడబోయి, మధ్యలో ఆగిపోయింది.